మన్యంలో రెండు రోజులు

2024 డిసెంబరు ఆఖరి వారంలో మన సంఘానికి చెందిన మూడు కుటుంబాల వాళ్ళము, పిల్లాజెల్లాతో కలిసి పదకొండు మందిమి, విశాఖ మన్యంలో చింతపల్లి పైనున్న మూడు కొండగూడేలకు వెళ్ళి అక్కడి పిల్లలకు చలిబట్టలు ఇచ్చి వచ్చాము. సభ్యులు తలా ఇంత వేసి పంపిన డబ్బు అది. ఆ డబ్బు ఎలా ఖర్చయిందో, బట్టలు ఎవరి ఒంటి మీదికి చేరాయో చెప్పవలసిన పూచీ మా మీద ఉంది. పైసలతో సహా జమాఖర్చులు కార్యవర్గానికి ఒప్పజెప్పాము. ప్రయాణం సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము. కొంచెం పొడుగయితే మన్నించాలి.

ముందు చలి సంగతి. "మిషిగన్‌లో ఉంటూ ఆంధ్రాలో చలికి స్వెట్టర్లు పంపడమేమిటండీ, అక్కడ చలెక్కడిది?" అని చందా ఇస్తూనే ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. మనలో చాలామందికి విశాఖ అంటే సముద్రం, ఉక్కపోత. ఆ సముద్రపు ఒడ్డు నుంచి నర్సీపట్నం మీదుగా నూరు కిలోమీటర్లు పైబడి లోపలికి పోతే తూర్పు కనుమలు వస్తాయి. లంబసింగి, చింతపల్లి ప్రాంతం సముద్రమట్టానికి రమారమి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ కిలోమీటరుకు ఆరు డిగ్రీల పైన వేడి తగ్గుతుందని మనం చదువుకున్నదే. దానికి తోడు డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉండి నేల వేడి రాత్రిపూట పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కొండవాలుల మీదుగా జారి లోయల్లో నిలుస్తుంది. అందుకని అక్కడ తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీలు సామాన్యం. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు నమోదు చేసిన అంకెలే మర్నాడు పేపర్లలో వస్తాయి. కొన్ని సంవత్సరాలు సున్నా దాకా వెళ్ళినట్టు కూడా వార్తలు చూశాము. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. బయలులో పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు.

మనకు మైనస్ పదిహేను అలవాటే. కాని ఆ మైనస్ పదిహేనులో మనం గడిపేది ఇంటి గుమ్మం నుంచి కారు దాకా, కారు నుంచి ఆఫీసు దాకా. ఇంట్లో పిల్లలు చేతుల్లేని చొక్కాలతో తిరుగుతారు. ఆ గూడెంలో బయట అయిదు డిగ్రీలుంటే లోపలా దగ్గర దగ్గరగా అంతే. మట్టిగోడ, పెంకు కప్పు, కప్పుకీ గోడకీ మధ్య పొగ పోవడానికి వదిలిన జానెడు సందు. ఆ సందులోంచి పొగ బయటికి పోతుందో లేదో గాని మంచు మాత్రం లోపలికి వస్తుంది. పిల్లలు పొయ్యి చుట్టూ చేరి ఒకరికొకరు ఆనుకొని పడుకుంటారు.

ఈ పని మా బుర్రలో పుట్టింది కాదు. మాలో ఒకరి మేనమామగారు నర్సీపట్నంలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర చదువుకున్న ఒక గిరిజన యువకుడు ఇప్పుడు ఆ కొండమీద ఏకోపాధ్యాయ పాఠశాలలో మాష్టారు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో చేరిన పెద్దపిల్లలకు ప్రభుత్వం దుప్పట్లూ అవీ ఇస్తుంది. గూడెంలోనే ఉండిపోయే చిన్నపిల్లల సంగతి ఎవరి పద్దులోనూ రాదని ఆయన మేనమామగారితో అన్న మాట మా దాకా వచ్చింది. మేము ఆయనకు ఫోను చేశాము. గూడెంలో సిగ్నల్ ఉండదు. రోజూ సాయంత్రం ఒక మలుపు దగ్గరికి నడిచి వస్తే అక్కడ అందుతుంది. ఆ మలుపులో నిలబడి మాట్లాడుతూ ఆయన మొట్టమొదట అడిగింది ఒక్కటే: "సార్, మీ దేశం నుంచి పాత కోట్లు మాత్రం తేవద్దండి."

ఎందుకని అడిగాము. కారణాలు ఒకటొకటిగా చెప్పారు. నైలాను జాకెట్టు కాఫీ తోటల్లో కొమ్మ తగిలితే చిరుగుతుంది, చిరిగితే కుట్టడానికి రాదు. జిప్పు పాడయితే బాగుచేసేవాడు ముప్ఫై కిలోమీటర్ల లోపు లేడు. గుండీ ఊడితే తల్లి దారంతో కట్టేస్తుంది. తలకు టోపీ కుట్టేసి ఉన్న కోటు ఒకసారి తడిస్తే మూడురోజులు ఆరదు. అన్నిటికంటె ముఖ్యం నిప్పు. పిల్లలు నెగడు పక్కన కూర్చుంటారు, నిప్పురవ్వ పడితే ఉన్ని నల్లబడి ఆరిపోతుంది, ప్లాస్టిక్ నూలు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఈ చివరి మాట విన్నాక మాకు మరి సందేహం లేకపోయింది. మనవాళ్ళు కొందరు అప్పటికే పోగుచేసి ఉంచిన కోట్లను ఇక్కడే ఊళ్ళో బట్టలు పంచేవాళ్ళకు ఇచ్చేశాము. అవి ఈ చలికి కుట్టినవి, ఈ చలిలోనే ఉపయోగపడతాయి.

ఆయన రెండో మాట: "మీరు కొనే ముందు నేను కొలతలు పంపుతాను." పదిహేను రోజుల్లో నోటుపుస్తకం కాగితాలు ఫోటోతీసి పంపారు. ఆరు పేజీలు. గూడెం పేరు, ఇంటిపేరు, పిల్లపేరు, వయసు, ఛాతీ కొలత అంగుళాల్లో. టేపు లేక పురికొసతో కొలిచి, ఆ కొసను బడిలో ఉన్న స్కేలు మీద పెట్టి లెక్కవేశారట. మూడు గూడేల్లో పన్నెండేళ్ళ లోపు పిల్లలు 88 మంది. అందరికంటె చిన్న కొలత పదిహేనున్నర అంగుళాలు. ఆ వరసలో పేరు ఉండవలసిన చోట ఒట్టి "పాప" అని ఉంది, వయసు అయిదు నెలలు.

డబ్బు పంపే విషయంలో మనవాళ్ళకు పనికివచ్చే మాట ఒకటి చెప్పాలి. భారతదేశంలో విదేశీ విరాళాల చట్టం 2010లో వచ్చింది, 2020లో ఇంకా గట్టిపడింది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇచ్చేది మాత్రం, ఓ.సి.ఐ. కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అలాంటిది తీసుకునే సంస్థకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుచేత మేము ఏ సంస్థకూ డబ్బు పంపలేదు. వెళ్ళినవాళ్ళమే స్వయంగా కొన్నాము, స్వయంగా మోసుకెళ్ళాము. ఎవరైనా పెద్ద ఎత్తున చేయదలచుకుంటే ముందు ఈ చట్టం సంగతి తెలిసిన ఆడిటరును కలవడం మంచిది.

విశాఖలో చలికాలం రాగానే టిబెట్ వాళ్ళు స్వెట్టర్ల దుకాణాలు పెడతారు. మేము వెళ్ళిన దుకాణం ఒక పెద్దావిడది. కర్ణాటకలో బైలకుప్పె నుంచి ఏటా వస్తారట. 1959 తరువాత కొండలు దాటి వచ్చిన వాళ్ళ పిల్లలు. హిందీ, కన్నడం, బేరానికి సరిపడా తెలుగు వచ్చు. మేము ఆరు పేజీల జాబితా తీసేసరికి ఆవిడ కళ్ళజోడు పెట్టుకొని చదివి, "స్కూలా?" అని అడిగింది. సంగతి చెప్పాము. నిప్పు మాట చెప్పగానే ఆవిడ నాలుగు రకాల స్వెట్టర్ల లోపలి నుంచి ఒక్కొక్క పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూపించింది. ఒకటి వెంట్రుకలు కాలిన వాసన వేసి బూడిదయింది, అది ఉన్ని. ఇంకొకటి కరిగి గట్టి పూసలా ముద్దకట్టింది, అది ఆక్రిలిక్. మిగిలిన రెండూ మధ్యరకం. "పొయ్యి దగ్గర కూర్చునే చిన్నవాళ్ళకు ఇది, కొండ ఎక్కి తిరిగే పెద్దవాళ్ళకు అది" అని తానే విడదీసింది. ఉన్ని ఎక్కువ ఉన్నది 550 రూపాయలు, మిగతావి 350. ఖరీదైన రకమే యాభై దాకా తీసుకున్నాము. నాలుగు గంటలు పట్టింది. జాబితాకు మించి ఎనిమిది, మొత్తం 96 స్వెట్టర్లు, 40 రగ్గులు. కడపటి బేరంలో పన్నెండు మంకీక్యాపులు ఊరికే వేసింది. బేరమాడిన మేము కొంచెం మొహాలు చూసుకున్నాము.

ఆ రాత్రి విశాఖలో బంధువుల ఇంట్లో, హాలునిండా బట్టలు పరిచి పొట్లాలు కట్టాము. ప్రతి పొట్లం మీదా పిల్లపేరు చీటీ. ఆ చీటీలు వ్రాసింది మన ఆదివారం తెలుగు బడి పిల్లలు. ఒత్తులు కొన్ని తలక్రిందులయ్యాయి గాని చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాళ్ళ చేత బలవంతాన దిద్దించిన అక్షరాలకు మొదటిసారి ఒక ఉద్యోగం దొరికింది.

మర్నాడు శనివారం తెల్లవారుజామున అయిదింటికి రెండు బండ్లలో బయలుదేరాము. నర్సీపట్నంలో ఇడ్లీలు తిన్నాము. డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ఈ కొండల్లో రోడ్ల కథ వేరే ఉంది. గూడెం తాలూకా డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అనేవాడు కొండవాళ్ళ చేత రోడ్డుపనులు వెట్టిగా చేయించి, కూలి ఎగవేయడం కూడా అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం. 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట పట్టుకున్నది చింతపల్లి పోలీసు స్టేషన్‌నే. తీసుకుపోయిన తుపాకుల లెక్క కాగితం మీద వ్రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడని చెబుతారు. తెల్లవాళ్ళు 1839లోనే ఈ కొండలకు మైదానపు చట్టాలు వర్తించకుండా, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా పెట్టి పాలించారు. అందుకే 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినా, బస్సులో కండక్టరు దగ్గర్నుంచి అందరూ ఇప్పటికీ "ఏజెన్సీ" అనే అంటారు.

లంబసింగి చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడ మేము అనుకోనిది తిరణాల. రాత్రంతా కార్లు నడుపుకొని పొగమంచు చూడడానికి వచ్చిన జనం. రోడ్డుకు రెండువైపులా గుడారాలు, నెగళ్ళు, వెదురుబొంగులో కూరి కాల్చే కోడిమాంసం, మంచులో ఫోటోలు. "ఈవేళ ఆరే, నిన్న నాలుగట" అని ఒక కుర్రాడు డబ్బు పోయినట్టు బాధపడుతున్నాడు. మంచు నిజంగా బాగుంటుంది. కొండల మధ్య పాలసముద్రంలా పరుచుకొని, తొమ్మిదింటికి ఎండ తగిలేసరికి దూదిపింజల్లా లేచిపోతుంది. మేమూ ఫోటోలు తీసుకున్నాము, లేదనము. టీ తాగిన బడ్డీ దగ్గర ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు కట్టెలమోపులు అమ్ముతున్నాడు. నెగడుకు మోపు యాభై రూపాయలు. ఒంటిమీద గుండీల్లేని చొక్కా, భుజాలమీద తువ్వాలు. మా పిల్లల్లో ఒకరు బండిలోంచి పొట్లం తెస్తానని లేచింది. అన్ని పొట్లాలమీదా పేర్లున్నాయి. ఎక్కువ తెచ్చిన ఎనిమిదిలోంచి ఒకటి ఇచ్చాము. ఆ పిల్లవాడు దాన్ని తొడుక్కోలేదు, మడిచి మోపుల వెనక దాచుకున్నాడు. తొడుక్కుంటే కట్టెలు ఎవరూ కొనరని బడ్డీ ఆయన నవ్వుతూ అన్నాడు. నిజమో ఎగతాళో తెలియలేదు.

ఆ రాత్రి చింతపల్లిలో పడుకొని ఆదివారం పొద్దున్న ఆరింటికి జీపుల్లో కదిలాము. రోడ్డు ఉన్నంతమేర గంట. అక్కడినుంచి కాలిబాట, అయిదు కిలోమీటర్లని మాష్టారు అన్నారు, మా మోకాళ్ళు వేరే లెక్క చెప్పాయి. గూడెం నుంచి ఎనిమిదిమంది మగవాళ్ళు కావళ్ళతో దిగివచ్చారు. మేము ఇద్దరం కలిసి ఎత్తలేని మూటలను చెరో పక్కా కట్టి, పరుగులాంటి నడకతో ముందుకు పోయారు. ఇదే బాటలో జబ్బుచేసిన వాళ్ళనూ నెలలు నిండిన ఆడవాళ్ళనూ డోలీ కట్టి మోసుకు దిగుతారు. డోలీ అంటే మనం పెళ్ళిపాటల్లో విన్నది కాదు. బలమైన కర్రకు దుప్పటో బుట్టో వేలాడగట్టి, ముందొకరు వెనకొకరు మోసేది. వానాకాలంలో వాగు పొంగితే అదీ కుదరదు.

దారిపొడుగునా వెండి ఓక్ చెట్లు, వాటిమీదికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ. పళ్ళు ఎర్రగా పండి కోతలు జరుగుతున్నాయి. అక్కడక్కడా వలిసెపూలు ఆఖరికొచ్చి ఇంకా పచ్చగా మెరుస్తున్నాయి. తల్లులందరూ పొద్దున్నే కోతకు పోతారు, కాఫీ కోత రోజుల్లోనే చలి ముదిరి ఉంటుంది. చంటిపిల్లలు ముసలివాళ్ళ దగ్గర ఉంటారు.

మొదటి గూడెంలో బగతలు, కొండదొరలు కలిసి ముప్ఫై ఇళ్ళు ఉంటారు. బడి ఒకే గది. మాష్టారు ముందే ఒక మాట చెప్పారు: "వరసలో నిలబెట్టవద్దండి. పేరు పిలుద్దాము." ఒక్కొక్క పేరూ చదువుతుంటే ఆ పిల్ల లేచి వచ్చి, చీటీ మీద తన పేరు చూసుకొని తీసుకొని పోయేది. చీటీ పారెయ్యలేదు ఒక్కరు కూడా. ఫోటోలు తియ్యలేదు. మన పత్రికలో ఎలాగూ ఫోటోలు వేయలేరు కనుక ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కొలతలు సరిపోయాయా అంటే, ఒకటి రెండు తప్ప అన్నీ సరిపోయాయి. మాష్టారి పురికొసకు మేమందరం దణ్ణం పెట్టవలసిందే.

సగం పేర్లు అయ్యేసరికి "పాప" పొట్లం వచ్చింది. ఒక నాయనమ్మ చంటిబిడ్డను రెండు గుడ్డల్లో చుట్టుకొని తెచ్చింది. మా బృందంలో ఒకావిడ పిల్లల డాక్టరు. స్వెట్టరు తొడగడానికి గుడ్డ విప్పిన ఆవిడ తొడగడం మానేసి గడియారం చూసుకుంటూ ఒక నిమిషం కదలకుండా కూర్చుంది. మేము మిగతా పేర్లు చదువుతూనే ఉన్నాము. తరువాత మెల్లిగా అన్నది: "నిమిషానికి అరవై ఎనిమిది." ఆ వయసు బిడ్డకు నిమిషానికి యాభై, ఆ పైన ఊపిరి ఉంటే న్యుమోనియా అని అనుమానించాలి. ఈ బిడ్డ డొక్కలు కూడా ఎగరేస్తోంది. నిన్నటి నుంచి పాలు సరిగా పట్టడం లేదట. మందు వ్రాసే అధికారం ఆ దేశంలో ఆవిడకు లేదు. ఊపిరి లెక్కపెట్టడానికి ఎవరి అధికారమూ అక్కర్లేదు, గడియారం ఉంటే చాలు, అది మనలో ప్రతివాళ్ళూ నేర్చుకోవచ్చు.

కిందికి తీసుకుపోవాలన్నారు. నాయనమ్మ ఒప్పుకోలేదు. బిడ్డ తండ్రి కూలికి మైదానానికి వెళ్ళాడు. తల్లి కాఫీ కోతలో ఉంది. "గుడ్డలిచ్చినారు, సాలమ్మా. గుంటని కూడా ఒట్టుకెల్లిపోతారేటి?" అన్నది ముసలామె. అన్నది కోపంగా కాదు, భయంగా. మాష్టారు చెప్పారు, ఊరిపెద్ద చెప్పాడు. "రేపు సూద్దారి" అన్నది. ఎవరో పరుగెత్తి తల్లిని తీసుకువచ్చారు. పందొమ్మిదేళ్ళుంటాయేమో, చేతులనిండా కాఫీపళ్ళ జిగురు. ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా బిడ్డ ఛాతీ చూసింది, అత్తగారి వైపు చూసింది, మా డాక్టరమ్మను అడిగింది: "నువ్వొత్తావా?" వస్తానన్నది. అంతే, బిడ్డకు కొత్త స్వెట్టరు తొడిగి, టోపీ పెట్టి, వీపున కట్టుకొని నడక మొదలుపెట్టింది.

డాక్టరమ్మ, మాలో మరొకరు, కావడివాళ్ళలో ఇద్దరు ఆ పిల్లతో దిగారు. వీపు మీద బిడ్డతో ఆ అమ్మాయి ఎంత వేగం నడిచిందంటే, మనవాళ్ళు వెనకబడితే రెండుసార్లు ఆగి చూసిందట. జీపులో ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. అక్కడి నర్సు చూసీచూడగానే మొదటి మోతాదు మందు వేసి 108కు ఫోను చేసింది. నాలుగింటికి చింతపల్లి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు.

పైన మిగిలిన మేము రెండో గూడెం ముగించుకొని మూడో గూడెం చేరాము. అది కోదు వాళ్ళ గూడెం, వాళ్ళ భాష కువి. పెద్దవాళ్ళతో మాకు మాష్టారే దుబాసీ. మన పిల్లలు అక్కడ ఒక విషయం కనిపెట్టారు. ఇక్కడి పిల్లలు కూడా తెలుగు బడిలోనే నేర్చుకుంటున్నారు! ఇంట్లో వేరే భాష, పలక మీద తెలుగు. మన పిల్లల అవస్థే. పది నిమిషాల్లో ఇద్దరు ముగ్గురు నేల మీద కూర్చొని ఎవరికి ఏ అక్షరం కష్టమో చెప్పుకుంటున్నారు. ఆ కబుర్లు జరిగినది తెలుగులోనే, రెండు పక్కలా తడబడుతూ.

అక్కడే చిక్కు కూడా వచ్చింది. మా సంగతి విని కొండ అవతలి గూడెం నుంచి పదిమంది పిల్లలు వచ్చి కూర్చున్నారు. జాబితాలో లేరు. మా దగ్గర ఎక్కువున్నవి ఏడు. వాళ్ళు గంటన్నర నడిచి వచ్చారు. ఏమి చెయ్యాలో మాకు తోచలేదు. ఊరిపెద్ద అందరినీ కూర్చోబెట్టి, చిన్నవాళ్ళ నుంచి మొదలుపెట్టమన్నాడు. ఏడుగురికి ఇచ్చాము. మిగిలిన ముగ్గురూ పదేళ్ళ పైవాళ్ళు. వాళ్ళకు వచ్చే సంతలో మాష్టారు కొని ఇచ్చేటట్టు పైకం ఆయన చేతిలో పెట్టాము. ఆ ముగ్గురిలో పెద్దపిల్ల ఏడవలేదు సరికదా, మాష్టారి దగ్గరికి వచ్చి ఏదో చెప్పింది. ఆయన నవ్వి తెలుగులో మాకు చెప్పారు: "నాది ఎర్రది అని వ్రాసుకోమంటోంది." వ్రాసుకున్నాము. ఆ పిల్ల ఛాతీ కొలత కూడా పురికొసతో తీసుకున్నాము.

రగ్గులు ఇళ్ళవారీగా ముసలివాళ్ళకు ఇచ్చాము. మధ్యాహ్నం చోడి అంబలి పోశారు, చిక్కగా, ఉప్పు వేసి. నిలబడి తాగాము, ఇంకొకసారి అడిగి తాగాము. బయలుదేరేటప్పుడు ప్రతి ఇంటి నుంచీ తలా దోసెడు రాజ్మా గింజలు తెచ్చి ఒక సంచిలో పోశారు. చింతపల్లి చుట్టుపట్ల బాగా పండుతాయవి. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని మాష్టారు ముందే కళ్ళతో చెప్పారు. విశాఖ వచ్చాక వండుకు తిన్నాము.

వాళ్ళు మమ్మల్ని అడిగినవి రెండే. కాఫీ గింజలు ఆరబోసుకోవడానికి టార్పాలిన్లు దొరుకుతాయా అని ఆడవాళ్ళు అడిగారు. మంచుకు రాత్రి గింజ తడిసి రంగు పోతే ధర పోతుందట. ఇది మనం చెయ్యగలిగినదే. రెండోది ఊరిపెద్ద అడిగాడు: "రోడ్డేయించండి బాబూ." అది మా చేతిలో లేదని చెప్పాము. ఆయనకు తెలుసు. అయినా పట్నం నుంచి వచ్చిన ప్రతివాళ్ళనూ అడుగుతాడట. అడగడం మానేస్తే అక్కర్లేదనుకుంటారని.

రాత్రి ఎనిమిదింటికి చింతపల్లి ఆసుపత్రికి వెళ్ళాము. బిడ్డ నిద్రపోతోంది. తల్లి మంచం పక్కన నేలమీద కూర్చొని ఉంది, మనం ఇచ్చిన రగ్గు కాదు, తన చీరకొంగే కప్పుకొని. మర్నాడు పొద్దున్నకు ఊపిరి నలభై ఎనిమిదికి దిగింది. మేము సాయంత్రం విమానానికి విశాఖ దిగవలసి వచ్చింది. డాక్టరమ్మ మాత్రం టిక్కెట్టు మార్చుకొని ఇంకో మూడురోజులు ఉండిపోయింది. వస్తానని మాట ఇచ్చింది ఆవిడే కదా. అయిదో రోజున తల్లీబిడ్డా గూడెం చేరారు.

జనవరిలో మాష్టారు మలుపు దగ్గరికి వచ్చి ఫోను చేశారు. సంతలో ఎర్రది దొరకలేదట, మెరూన్ రంగుది దొరికింది. ఆ పిల్ల ఎండలో పెట్టి చూసి, నీడలో పెట్టి చూసి, ఎర్రదే అని ఒప్పుకున్నదట. నిప్పురవ్వలకు రెండు స్వెట్టర్లకు చిల్లులు పడ్డాయి, పిల్లలకు ఏమీ కాలేదు. ఇద్దరు తండ్రులు స్వెట్టర్లు సంతలో అమ్మబోతే మాష్టారు కోప్పడ్డారు. మాకు మాత్రం కోపం రాలేదు. కాఫీ డబ్బు చేతికి రాకముందు ఇంట్లో బియ్యానికి కటకటగా ఉండే రోజులవి.

కొత్త జాబితా వచ్చింది. ఈసారి నాలుగు గూడేలు, 103 మంది పిల్లలు. కొలతలన్నీ మార్చి వ్రాశారు. కిందటి సంవత్సరం "పాప" అని ఉన్నచోట ఇప్పుడు పేరు ఉంది, కొలత పద్దెనిమిది అంగుళాలు. టార్పాలిన్లు ముప్ఫై కావాలి. టిబెట్ వాళ్ళ దుకాణాలు తెరిచిన మొదటివారంలో అన్ని కొలతలూ దొరుకుతాయి, తరువాత మధ్యవి అయిపోతాయి. అందుచేత చందాలు ఇవ్వదలచుకున్నవారు సెప్టెంబరు లోగా కోశాధికారికి అందజేయగోరుతున్నాము. వెంట రాదలచుకున్నవారు ఇప్పటినుంచే రోజూ కొంచెం నడక అలవాటు చేసుకోవాలి. పాత కోట్లు దయచేసి మాకు ఇవ్వవద్దు.